నూటికి నలభై దిద్దుబాట్లు

మా అత్తగారింట్లో ఏ వాక్యానికీ పూర్తయ్యే యోగం లేదు. మొదలుపెట్టేవాళ్ళు ఒకరు, ముగించేవాళ్ళు ఇంకొకరు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఒకసారి "అత్తయ్యా, రేపు నేను..." అన్నానో లేదో, "పుట్టింటికి వెళ్తానంటావు, అంతేగా? వెళ్ళిరా తల్లీ" అందావిడ. నేను చెప్పబోయింది రేపు నాకు సెలవని. కాదని చెప్పడానికి మూడుసార్లు నోరు తెరిచాను, మూడుసార్లూ ఎవరో ఒకరు అందుకున్నారు. చివరికి బ్యాగు సర్దుకుని వెళ్ళక తప్పలేదు. చెప్పాపెట్టకుండా గుమ్మంలో దిగిన నన్ను చూసి మా అమ్మ హడలిపోయింది.

ఈ జబ్బుకి మూలపురుషుడు మా మామగారు పరబ్రహ్మం మాస్టారు. విజయవాడలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెప్పి ఎంతమందిని ఇంజినీర్లని చేశారో ఆయనకే తెలీదు. పిల్లాడు డౌటు అడగడానికి చెయ్యెత్తితే చాలు, ఆ డౌటేమిటో ఆయనే చెప్పి, జవాబూ ఆయనే చెప్పి, "సరే, ముందుకెళ్దాం" అనేవారు. క్లాసులో అది గొప్ప విద్య. ఇంట్లో అదే అంటువ్యాధి. మా ఆయన చక్రధర్‌కి పుట్టుకతోనే అంటింది. తండ్రి చెప్పిన కాలేజీలోనే ఆయనా ఫిజిక్సు చెప్తాడు. తండ్రిలాగే చొక్కా చేతులు మడుస్తాడు, తండ్రిలాగే ఎదుటివాడి మాట సగంలో లాక్కుంటాడు.

అలాంటి మాస్టారికి మెదడు అడుగున రక్తం గడ్డకట్టి, ఒక్క పూటలో ఒళ్ళంతా కొయ్యబారిపోయింది. చెయ్యి కదలదు, నాలుక కదలదు. కనురెప్పలు కూడా ఆయన చెప్పినట్టు వినవు, వాటికి బుద్ధి పుట్టినప్పుడు పడతాయి, లేస్తాయి. చెవులు మాత్రం శుభ్రంగా పనిచేస్తున్నాయనీ, లోపల మనిషి లోపలే ఉన్నాడనీ స్కానులు చెప్పాయి. అత్తయ్య ఆ మంచం పక్కన కూచుని మాట్లాడుతూనే ఉండేది. అవతల్నుంచి అందుకునేవాళ్ళు లేక ఆవిడ వాక్యాలు మొదటిసారి చివరిదాకా వెళ్ళేవి. ఆవిడకి అది బొత్తిగా అలవాటు లేదు, మధ్యలో ఆగి ఆయన మొహంలోకి చూసేది.

నేను పనిచేసే పరిశోధనశాల మంగళగిరి రోడ్డులో ఉంది. అక్కడ తయారవుతున్నది సరిగ్గా ఇలాంటివాళ్ళ కోసమే. మినప్పప్పు బద్దంత చిప్పు. మనిషి ఏదైనా అనాలనుకున్నప్పుడు మెదడులో పుట్టే సంకేతాన్ని అది పట్టుకుని, వైర్లేమీ లేకుండా మంచం పక్కనున్న పెట్టెకి పంపుతుంది. పెట్టె దాన్ని మాటగా మార్చి స్పీకర్లో వినిపిస్తుంది. దారిలో దొర్లే తప్పుల్ని దిద్దడం నా ఉద్యోగం.

దిద్దడమంటే బ్రహ్మవిద్యేం కాదు. పుర్రెలో ఉన్న చిప్పు వేడెక్కకూడదు కాబట్టి గట్టిగా అరవలేదు, గుసగుసలాడుతుంది. బయటేమో ఫోన్లు, వైఫైలు, లిఫ్టు మోటార్లు, ఒకటే రణగొణ. అంత గోలలో మాట పంపాలంటే ఉన్న దారులు మూడే. ఒకసారి చెప్పేసి దేవుడి మీద భారం వెయ్యడం. పదే పదే చెప్పి వినేవాడి ఓపికని పరీక్షించడం. లేదంటే, "ఈయనేమంటాడో నాకు తెలుసులే" అని వినేవాడే మధ్యలో అందుకోవడం. మా ల్యాబులో మొదటిదాన్ని లేడి అనీ, రెండోదాన్ని నత్త అనీ, మూడోదాన్ని చిలుక అనీ పిలుచుకునేవాళ్ళం.

మామయ్యగారికి చిప్పు పెట్టాక ముందు లేడిని వదిలాం. మాటలు తక్షణం వచ్చేవి, అక్షరాలు రోట్లో వేసి రుబ్బినట్టు వచ్చేవి. తర్వాత నత్త. నత్త అబద్ధమాడదు. ఒక వాక్యాన్ని ఆయన మనసులో అదే పనిగా అనుకుంటూ ఉండాలి. చిప్పు అన్నిసార్లూ పంపుతుంది. వచ్చినవన్నీ ఒకదానితో ఒకటి సరిపోతేనే పెట్టె నోరు విప్పుతుంది. లేకపోతే తెరమీద "అందలేదు" అని చూపించి ఊరుకుంటుంది. ఒక వాక్యానికి నిమిషన్నర పైనే పట్టేది. మా ఇంట్లో నిమిషన్నర ఎవరు ఆగుతారు? వారం మొత్తం అందలేదు, అందలేదు, అందలేదు.

చిలుక మా డైరెక్టర్ డాక్టర్ సులోచన గారి మానసపుత్రిక. ఆవిడే ఆపరేషన్లూ చేస్తుంది, ఆవిడే కలలూ కంటుంది. మాస్టారు రికార్డు చేసిన వీడియో పాఠాలు వేల గంటలున్నాయి కదా, వాటన్నిటినీ చిలుకకి నేర్పించారు. సగం సంకేతం అందితే చాలు, మిగతా సగం ఆయన ధోరణిలో అది పూరించేస్తుంది. ఏది పెడదామని ల్యాబు కమిటీ మమ్మల్నందర్నీ కూచోబెట్టినప్పుడు నేను "నత్తే మేలు, ఎందుకంటే..." అన్నాను. "నెమ్మది కదా, అందుకే వద్దు" అని చక్రి నా వాక్యం ముగించాడు. కమిటీ తలూపింది.

చిలుకని పెట్టిన రోజు స్పీకర్లోంచి "నమస్కారం! అందరూ శ్రద్ధగా వినండి" అని మామయ్యగారి కంఠం ఖంగుమంది. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చక్రి నన్ను పట్టుకుని గిరగిరా తిప్పాడు. నిజం చెప్పొద్దూ, నాకూ కళ్ళు చెమర్చాయి.

ఆ సంతోషం పదిరోజులు. పదకొండో రోజున అత్తయ్య నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఏమిటే ఇందూ ఇదీ? ఫ్యాను తగ్గించమంటారా అంటే, ఇది పరీక్షలో తప్పకుండా వస్తుందంటారు. దుప్పటి కప్పనా అంటే, వెనక బెంచీవాళ్ళకి వినపడుతోందా అంటారు. నిన్న నన్ను బాబూ అన్నారే! నలభయ్యేళ్ళు కాపురం చేశాను, ఏమే, ఓయ్ తప్ప ఇంకో పిలుపు ఎరగను. బాబూట!"

"పాఠాల్లోంచి నేర్చుకుంది కదత్తయ్యా. ఇంట్లో మాటలు రికార్డు చెయ్యలేదు కాబట్టి దానికి..."

"తెలీవంటావు. సర్లే, ఏదో ఒకటి. మాట్లాడుతున్నారు, అదే పదివేలు" అని ఆవిడే ముగించి పోపు పెట్టుకుంది.

పైగా మాస్టారికి పాఠాలంటే ప్రాణమని అందరూ తీర్మానించేసి, ఎదురుగా టీవీ పెట్టి పొద్దస్తమానం ఆయన వీడియోలే వేసేవారు. "పాఠం పెట్టమంటారా నాన్నా?" అని చక్రి అడిగేవాడు. "సరే, ముందుకెళ్దాం" అనేది స్పీకరు. టీవీలోని పరబ్రహ్మం మాస్టారూ, స్పీకర్లోని పరబ్రహ్మం మాస్టారూ పోటీలు పడి న్యూటన్ సూత్రాలు చెప్తుంటే, అసలు పరబ్రహ్మం మాస్టారు మధ్యలో కళ్ళు మూసి తెరుస్తూ పడుకునేవారు.

అలా నాలుగు నెలలు. ఈలోగా సులోచన గారు రెండో ఆపరేషన్ మాట ఎత్తింది. చిన్న చిప్పు తీసేసి పెద్దది పెడతారు. చిన్నదాని బ్యాటరీకి ఆయుష్షు తక్కువ, అయిపోతే మార్చడం కుదరదు. పెద్దది పదేళ్ళొస్తుంది, ఇంకా లోతుగా కూచుంటుంది. కాకపోతే కూచునే చోటు వినికిడి నరాల పక్కన. చెవులు పోయే ప్రమాదం ఉంది, అయిదుగురిలో ఒకరికి పోవచ్చు.

ఆవిడ మంచం పక్కన కుర్చీ వేసుకుని అంతా విడమరిచి చెప్పింది. ఆ విషయంలో ఆవిడని తప్పుపట్టలేను. చివర్న "మీ నిర్ణయమేంటి మాస్టారూ?" అంది.

"సరే, ముందుకెళ్దాం" అంది స్పీకరు.

చక్రి చప్పట్లు కొట్టాడు. అత్తయ్య గోడనున్న వెంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది, ఎందుకంటే నేను చూస్తున్నది పెట్టె వెనకున్న చిన్న తెర. అందిన సంకేతంలో చిలుక ఎంత భాగం మార్చిందో ఆ తెర మీద పడుతుంది. మామూలుగా నూటికి మూడో నాలుగో. ఆ వాక్యానికి నూటికి నలభై. వెనక్కి వెళ్ళి చూశాను. పాఠం పెట్టమంటారా అన్నప్పుడల్లా నలభై. దుప్పటి దగ్గర ముప్ఫైఅయిదు. నూటికి నలభై మార్చడాన్ని దిద్దడమంటారా? ఆయన పంపిన ఉత్తరం చింపేసి, ఆయన దస్తూరీతో వేరే ఉత్తరం రాయడం అది.

మర్నాడు సులోచన గారి గదికి వెళ్ళాను.

"ఇన్ని నెలల్లో ఒక్క తప్పు వాక్యం రాలేదమ్మా ఇందుమతీ. ఒక్కటి! నత్త రోజులు మర్చిపోయావా?"

"తప్పు వాక్యం రాలేదు మేడమ్. కానీ అది ఆయన వాక్యమని గ్యారంటీ ఏముంది? ఆయన ఎప్పుడూ అనని మాట ఇప్పుడు కొత్తగా అనాలనుకుంటే, చిలుకకి అదే తప్పులా కనిపిస్తుంది. దిద్ది పారేస్తుంది."

"ఆయనకి ముందుకెళ్దాం అనడం అలవాటు. అలవాటున్న మనిషి అలవాటైన మాట అన్నాడు. ఇందులో వింతేముంది?"

"వింత లేదనే నా ఏడుపు!" అన్నాను. అరిచానేమో, బయట అటెండరు తొంగిచూశాడు.

ఇంటికొచ్చి చక్రికి చెప్పాను. చెప్పబోయాను అనాలి. "నలభై..." అనగానే "నలభై శాతం నాయిస్, తెలుసు, అందుకే కదా పెద్ద చిప్పు" అన్నాడు. తలని గోడకేసి కొట్టుకుందామనిపించింది. ఆయన కాలేజీకి వెళ్ళేదాకా ఆగి, పెట్టెలో చిలుకని ఆపి నత్తని పెట్టాను. అత్తయ్య పక్కనే ఉంది.

"మావయ్యగారూ, ఇప్పుడు మళ్ళీ నెమ్మదిదే. మీకు ఏం చెప్పాలనుందో ఒక్కటే అనుకోండి. అదే అనుకుంటూ ఉండండి."

తెర మీద సంకేతాలు కదలడం మొదలైంది. అరనిమిషం గడిచిందో లేదో, "దాహమేస్తోందేమోనే" అంది అత్తయ్య. అందలేదు. వినపడే చెవులాయె, ఎవరేమన్నా ఆయన మనసు అటు మళ్ళుతుంది. మళ్ళీ మొదలు. "వీపు నొప్పేమో." అందలేదు. "పోనీ ఆ కిటికీ..." అందలేదు.

ఇంతలో వంటింట్లో పాలు పొంగిన వాసనొచ్చింది. అత్తయ్య పరిగెత్తింది. నేను తెర మీంచి కళ్ళు తిప్పలేదు. టీవీలో పరబ్రహ్మం మాస్టారు ఘర్షణ గురించి చెప్తున్నారు. అత్తయ్య గిన్నె దింపుకుని గుమ్మంలోకి వచ్చేసరికి స్పీకరు పలికింది. అదే కంఠం, ఎత్తుపల్లాలు లేకుండా.

"ఆ టీవీ కట్టెయ్యండి."

అత్తయ్య చేతిలో మసిగుడ్డ అలాగే ఉండిపోయింది. "ఎవరే అన్నది?"

"మావయ్యగారే."

"మరి రోజూ పెట్టమంటున్నారుగా!"

"ఆయన కాదత్తయ్యా, చిలుక. నాలుగు నెలల్నుంచీ ఆయన వద్దంటుంటే అది సరే అంటోంది."

ఆవిడ రిమోట్ ఎక్కడుందో వెతకలేదు. తిన్నగా వెళ్ళి గోడ దగ్గర ప్లగ్గే పీకేసింది. తర్వాత మంచం కోడు పట్టుకుని కింద కూచుండిపోయింది. ఆవిడకి రెండో ఆపరేషన్ మాట గుర్తొచ్చిందని మొహం చూస్తేనే తెలిసింది. "అయితే ఇందూ, ఆ రోజు డాక్టరమ్మతో..." అని ఆగింది. ఆ వాక్యం ముగించే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.

ఆపరేషన్ మర్నాడు పొద్దున పదిగంటలకి. ఆ సాయంత్రమే మావయ్యగారిని పెట్టెతో సహా ల్యాబుకి చేర్చారు. ఎనిమిదింటికే ల్యాబులో నేనూ అత్తయ్యా అడ్డం పడి కూచున్నాం. నత్తతో మళ్ళీ అడిగితే తప్ప మంచం కదలనివ్వనంది అత్తయ్య. సులోచన గారు గడియారం చూసుకుంది. చక్రికి మండిపోయింది.

"ఏంటమ్మా ఇదంతా? నాన్న సరే అన్నారు, నా చెవులతో విన్నాను. బ్యాటరీ అయిపోతే మళ్ళీ జీవితంలో మాట రాదు, తెలుసా? ఇందూ, నీ ప్రయోగాలకి మా నాన్నే దొరికారా?"

"ప్రయోగం కాదు చక్రీ, ఆయన్ని అడుగుతున్నాం."

"అడిగేదేముంది? చెవులు పోవు, అయిదుగురిలో నలుగురికి బానే ఉంటుంది."

సులోచన గారు చెయ్యెత్తి ఆపింది. "సరే. నేనూ వింటాను. ఆయనకి ఇష్టం లేకపోతే నేను కత్తి పట్టను." ఆ ఒక్క మాటకి ఆవిడ మీద నా కోపం సగం దిగింది.

అడిగాం. తెర కదిలింది. "నాన్నా, భయపడకండి, సరే అనండి" అన్నాడు చక్రి. అందలేదు. రెండోసారి సులోచన గారి ఫోను మోగింది. అందలేదు. మూడోసారి అత్తయ్య "ఏవండీ, మీకేది మంచిదనిపిస్తే..." అంది. అందలేదు. నాలుగోసారి చక్రి మళ్ళీ. "నాన్నా, నా కోసం..."

నాలో ఏదో తెగింది.

"నోరు ముయ్యండి! అందరూ!" అన్నాను. అత్తగారని లేదు, డైరెక్టరని లేదు. "ఒక్క మనిషి ఒక్క మాట చెప్పడానికి నానా చావూ చస్తున్నాడు. మీరు నోరు మూసుకోవడం ఒక్కటే కదా చెయ్యాల్సింది? చిలుకని ల్యాబులో తయారుచేశామనుకుంటున్నారా? కాదు. మీ ఇంట్లో అందరూ చిలకలే. పెళ్ళైనప్పట్నుంచీ నేను ఒక్క వాక్యం, ఒక్కటంటే ఒక్కటి, చివరిదాకా..."

ఏడుపొచ్చేసి అది కూడా చివరిదాకా చెప్పలేకపోయాను. అయితే ఈసారి ఎవరూ అందుకోలేదు.

అత్తయ్య లేచి టేబుల్ మీదున్న నీళ్ళ సీసా తీసింది. "మా అమ్మ ఉల్లిపాయలు తరిగేటప్పుడు నన్ను నోట్లో నీళ్ళు పోసుకు కూచోమనేది, కళ్ళు మండకుండా. కళ్ళ సంగతేమో గానీ, ఆ కాసేపూ నేను వాగకుండా ఉండేదాన్ని." తను పుక్కిటి నిండా నీళ్ళు పోసుకుని సీసా కొడుక్కిచ్చింది. చక్రి తల్లివైపు చూశాడు, నావైపు చూశాడు, పోసుకున్నాడు. సులోచన గారు ఫోను ఆపేసి, ఏమనుకుందో ఏమో, తనూ పోసుకుంది. నేనూ పోసుకున్నాను. బుగ్గలు ఉబ్బించుకుని నలుగురం మంచం చుట్టూ కూచున్నాం. ఇంకెప్పుడైనా అయితే పడీపడీ నవ్వేవాళ్ళం.

తెర కదులుతోంది. నిమిషం దాటింది. చక్రి మెడ నరాలు బిగుసుకున్నాయి, మింగలేదు.

"మాట పోయినా బతకగలను. చెవులు పోతే భయం. వద్దు."

అత్తయ్యకి పొరపోయింది. దగ్గుతూ, ఒళ్ళంతా నీళ్ళు చిమ్ముకుంటూ ఆయన చెయ్యి పట్టుకుంది. పెట్టె వెనక తెర నేను చూడలేదు, చూడాల్సిన అవసరం లేదు. వేల గంటల పాఠాల్లో మా మామగారు భయం అనే మాట ఒక్కసారి కూడా అని ఉండరు. చిలుక ఆ మాటని చచ్చినా పలకనిచ్చేది కాదు.

సులోచన గారు నీళ్ళు మింగి, వేళ్ళతో పెదాలు తుడుచుకుంది. "మాస్టారూ, ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఈ నత్త బ్యాటరీ ఎక్కువ తాగుతుంది. రోజుకి పది మాటలు పొదుపుగా వాడుకుంటే ఏడాది వస్తుంది. తర్వాత..."

ఆ వాక్యాన్ని ఎవరం పూర్తి చెయ్యలేదు. ఆగాం.

"తెలుసు."

ఆవిడ తలూపి, ఆపరేషన్ థియేటర్‌కి ఫోన్ చెయ్యడానికి బయటికి వెళ్ళింది. చక్రి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. "ఏడాదేనా నాన్నా?" అన్నాడు గోడతోనే. "తర్వాత మీరు మాట్లాడకపోతే నేను... ఇల్లంతా..." దగ్గరికెళ్ళి చెయ్యి వేద్దామనిపించింది గానీ, తెర కదలడం చూసి ఆగిపోయాను.

ఈసారి చాలాసేపు పట్టింది. మధ్యలో ఒకసారి "అందలేదు" అని కూడా వచ్చింది. మళ్ళీ మొదట్నుంచి అనుకున్నట్టున్నారు ఆయన.

"చక్రీ. నువ్వు చెప్పు. వింటాను."

చక్రి వెనక్కి తిరిగాడు. ఎదుటివాళ్ళ మాటలు లాక్కోవడంలో ఆరితేరిన మనిషి, తన వంతు వచ్చేసరికి నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. ఒకసారి నావైపు చూశాడు, అందుకోమన్నట్టు. నేను అందుకోలేదు. వచ్చి మంచం పక్క కుర్చీలో కూచున్నాడు. చొక్కా చేతుల మడతలు విప్పాడు.

"నాకు ఫిజిక్సంటే ఎప్పుడూ ఇష్టం లేదు నాన్నా" అన్నాడు.

అత్తయ్య ఉలిక్కిపడి నోరు తెరిచింది. నేను ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నోరు మూసుకుంది. చక్రి ఆగి, ఎవరైనా అడ్డొస్తారేమోనని కాసేపు చూశాడు. ఎవరూ రాలేదు. అప్పుడు మళ్ళీ మొదలుపెట్టాడు, ఇంటర్‌లో చేర్పించిన రోజు దగ్గర్నుంచి.